పేషెంట్ రికార్డులకు కమాండ్ లైన్ ఎందుకు? పటాన్‌చెరు క్లినిక్‌లో నేను నేర్చుకున్నది

నేను పటాన్‌చెరు దగ్గర ఒక చిన్న క్లినిక్‌లో కంప్యూటర్ పని చూస్తాను. పాశమైలారం, బొల్లారం వైపు ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లు మా దగ్గరికి ఏటా టెస్టులకు వస్తారు. ఒకరోజు ఒక అన్న వచ్చి అడిగిండు: "తమ్మీ, ఊపిరి టెస్ట్‌కు ఏడాదికి మళ్ల పిలుస్తమన్నరు. ఏడాదిన్నర అయింది, పిలవలేదేంది?"

చూస్తే ఆయన రికార్డు పక్కాగా ఉంది. తేదీ దాటిందన్న సంగతే ఎవరికీ కనబడలేదు. ఆ రోజు టెస్ట్ చేస్తే రీడింగ్ పోయినసారి కంటే తగ్గింది.

ఇది చిన్న విషయం కాదు. భోపాల్ దుర్ఘటన తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టంలో 41-సి సెక్షన్ చేర్చారు. ప్రమాదకర రసాయనాల మధ్య పనిచేసేవాళ్లకు 12 నెలలు మించకుండా వైద్య పరీక్ష జరగాలని, ఆ రికార్డు కార్మికుడికి కూడా అందుబాటులో ఉండాలని అప్పట్లో అందులో పెట్టారు.

మరి తప్పు ఎక్కడ జరిగింది? మా సాఫ్ట్‌వేర్ బ్రౌజర్‌లో నడుస్తుంది. పేరు కొట్టు, క్లిక్ చెయ్యి, పేజీ తెరువు. డాక్టర్ ముందు ఒక మనిషి కూర్చున్నప్పుడు అది బాగానే ఉంటుంది. కానీ "12 నెలలు దాటినవాళ్లు ఎవరెవరు?" అని అడగాలంటే వందల పేజీలు తెరవాలి. ఎవరు తెరుస్తారు చెప్పండి?

అందుకే ఒక చిన్న కమాండ్ రాసుకున్నాం. దాని పేరు "బాకీ". నల్ల స్క్రీన్ మీద "బాకీ స్పైరోమెట్రీ 12" అని కొడితే, ఊపిరి టెస్ట్ చేసి ఏడాది దాటినవాళ్ల లిస్టు వస్తుంది. రోజూ పొద్దున దానంతటదే నడిచేలా కూడా పెట్టాం.

ఇదేం కొత్త ఐడియా కాదు. అమెరికా మాజీ సైనికుల ఆసుపత్రుల్లో విస్టా అనే సిస్టమ్ మొదట్లో టెక్స్ట్ స్క్రీన్ల మీదే నడిచింది.

ఇక్కడ జాగ్రత్త. కమాండ్ నేరుగా డేటాబేస్‌లోకి దూరకూడదు. అలా దూరితే ఎవరు ఏం చూశారో లెక్క ఉండదు. ఓపెన్‌ఎంఆర్‌ఎస్ లాంటి సాఫ్ట్‌వేర్లకు ఏపీఐ ఉంటుంది. అంటే ప్రోగ్రాములు వచ్చే వాకిలి అన్నమాట. ఆ వాకిలి నుంచే వెళ్తే లాగిన్, పర్మిషన్లు అన్నీ వర్తిస్తాయి. నర్సుకు బ్రౌజర్‌లో కనబడనిది కమాండ్‌లో కూడా కనబడకూడదు.

ఇంకో రెండు మాటలు. పాస్‌వర్డ్ గానీ పేషెంట్ పేరు గానీ కమాండ్‌లో టైప్ చేయొద్దు; హిస్టరీలో అది అలాగే మిగిలిపోతుంది. మొదట్లో చదివే కమాండ్లే పెట్టండి, మార్చేవి, తీసేసేవి వద్దు. బ్రౌజర్‌లో తప్పు క్లిక్ ఒక రికార్డునే చెడగొడుతుంది, ఇక్కడ ఒక తప్పు లైన్ వందల రికార్డుల్ని చెడగొట్టొచ్చు.

మీకు నేర్చుకోవాలనుంటే ఆండ్రాయిడ్ ఫోన్‌లో టెర్మక్స్ వేసుకోండి, ఉత్తుత్తి పేర్లతో ప్రాక్టీస్ చేయండి. నిజమైన పేషెంట్ల డేటా మాత్రం ఫోన్‌లోకి తేవొద్దు.

ఆ అన్నను డాక్టర్ పెద్దాసుపత్రికి పంపారు. ఇప్పుడు పొద్దున లిస్టు రాగానే నేను చేసే మొదటి పని, అందులో ఉన్నవాళ్లకు ఫోన్ చేయడం. కమాండ్ లిస్టు ఇస్తుంది ఫ్రెండ్స్, ఫోన్ చేయాల్సింది మనమే. మళ్లీ కలుద్దాం.