ఇంజన్ ప్రాణం ఆయిల్‌లోనే

మా హాస్టల్‌లో చాలామంది తండ్రులు, అన్నలు తెనాలి, బాపట్ల, రేపల్లె పల్లెల్లో ఆసాముల ట్రాక్టర్లు తోలుతారు. ఇంజన్ పట్టేస్తే నింద డ్రైవరు మీదే పడుతుంది, పనీ పోతుంది. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

ఆయిల్ రాపిడిని తగ్గిస్తుంది, వేడిని కూడా మోసుకుపోతుంది. అయితే వేడెక్కేకొద్దీ అది పలచబడి బేరింగుల సందుల్లోంచి తేలిగ్గా జారిపోతుంది, ప్రెషర్ పడిపోతుంది. ప్రెషర్ మరీ తగ్గితే క్రాంక్‌షాఫ్ట్‌కూ బేరింగుకూ మధ్యనున్న ఆయిల్ పొర తెగి లోహానికి లోహం రాసుకుంటుంది.

చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌పై పరుగెత్తే రేసు కారుకైనా ఇదే సూత్రం. వేగంగా మలుపు తిరిగినప్పుడు సంపులోని ఆయిల్ ఒక పక్కకు పోయి పంపు గాలి పీలుస్తుంది. అందుకే సంపులో అడ్డురేకులు పెడతారు, విడిగా ఆయిల్ కూలర్ బిగిస్తారు. మన దమ్ము ట్రాక్టరుకు నడక తక్కువ, బరువు ఎక్కువ. రేడియేటర్ జాలీకి గడ్డి పడితే వేడి పోయే దారే ఉండదు.

మిత్రులారా, ఇంట్లో ఇవి చెప్పండి:

1. రోజూ సమనేల మీద, ఇంజన్ ఆపి డిప్‌స్టిక్ చూడాలి.
2. స్టార్ట్ చేయగానే రేజ్ చేయరాదు. చల్లని ఆయిల్ చిక్కగా ఉండి నెమ్మదిగా పారుతుంది.
3. హీటు ముల్లు ఎక్కితే బరువు తగ్గించాలి. ఆయిల్ ప్రెషర్ ఎర్రలైటు వెలిగితే మాత్రం గట్టు దాకా కూడా పోకుండా ఇంజన్ ఆపి, యజమానికి అప్పుడే చెప్పాలి.

బాపట్లలో 1983లో వ్యవసాయ ఇంజనీరింగ్ కళాశాల వెలిసింది. ట్రాక్టరు తోలేవాళ్ల పిల్లలం అక్కడ ట్రాక్టరు చదువు కూడా చదవాలని మా కోరిక.