గుణింతం పాడే పిల్లలు కథ చదువుతున్నారు
మెట్ట పల్లెలో కళాశాల విద్యార్థుల సాయంకాలపు బడి

(మా విలేకరి)

ఉదయగిరి రోడ్డులో బస్సు దిగి ఎర్రమట్టి బాటన మూడు కిలోమీటర్లు నడిస్తే ఆ ఊరు వస్తుంది. సాయంత్రం ఐదు గంటల వేళ మేకలు ఇళ్లకు తిరిగి వస్తుంటే, రామాలయం అరుగు మీద మరో మంద కూడుతుంది. ఇది పిల్లకాయల మంద. కొందరి చేతిలో పలకలు, కొందరి చేతిలో నోటు పుస్తకాలు, చంకన తమ్ముణ్ణి ఎత్తుకొని వచ్చినవారు కొందరు. నలుగురు కాలేజీ అమ్మాయిలు, ముగ్గురు అబ్బాయిలు వారిని గుంపులుగా విడదీసి కూర్చోబెడుతున్నారు. మైకు లేదు, బ్యానరు లేదు, ఉపన్యాసం అసలే లేదు.

"మా మేక ఈనింది" అని ఒక పిల్లవాడు నల్లబల్ల మీద వేలు పెట్టి చదివాడు. అతడు ఐదో తరగతి విద్యార్థి. ఆ మూడు మాటలు తనంతట తాను చదవడానికి అతడికి ఐదేళ్లు పట్టింది.

ఊరి పేరు, పిల్లల పేర్లు రాయవద్దని బడి పంతులుగారు కోరారు. "చదువు రాలేదని పేపర్లో పడితే పిల్లకాయలు చిన్నబుచ్చుకుంటారు" అన్నారాయన. ఆ మాట సబబుగా ఉన్నందున రాయడం లేదు.

పాట వచ్చు, అక్షరం రాదు

ఈ విద్యార్థులు దగ్గరలోని పట్నంలో డిగ్రీ చదువుతున్నారు. జాతీయ సేవా పథకం (ఎన్.ఎస్.ఎస్.) తరఫున మొన్న సంక్రాంతి వెళ్లాక ఈ ఊళ్లో ఏడు రోజుల శిబిరం వేశారు. గాంధీజీ శతజయంతి సంవత్సరమైన 1969లో, సెప్టెంబరు 24న, 37 విశ్వవిద్యాలయాలలో ఈ పథకం ప్రారంభమైంది. ఇందులో చేరిన విద్యార్థి ఏడాదికి 120 గంటల చొప్పున రెండేళ్లలో 240 గంటలు సేవ చేయాలి. ఒక గ్రామంలో ఏడు రోజుల ప్రత్యేక శిబిరంలో కూడా పాల్గొనాలి.

మొదటి రెండు రోజులు అన్ని శిబిరాల మాదిరిగానే గడిచాయి. కాలువల్లో మురుగు తీశారు, బడి చుట్టూ కంపచెట్లు కొట్టారు. మూడో రోజు కథ చెబుదామని బడిలోకి వెళ్లారు. ఒక అమ్మాయి తెలుగు వాచకం తీసి పాఠం చదవమంటే ఐదో తరగతి పిల్లవాడు గడగడా అప్పజెప్పాడు. ఒక్క మాట తప్పు పోలేదు. అయితే అతడి నోరు ఒక వరుసలో ఉంటే వేలు మూడు వరుసల వెనుక ఉంది. అనుమానం వచ్చిన అమ్మాయి పుస్తకం మూసి, రెండో తరగతి పుస్తకంలోని చిన్న కథ ముందు పెట్టింది. పిల్లవాడు తల వంచుకున్నాడు.

మరో పిల్లకు 'కో' అని రాసి చూపారు. ఆ పిల్ల వెంటనే చెప్పలేకపోయింది. 'క' దగ్గర మొదలుపెట్టి 'కా, కి, కీ' అని వేళ్లు మడుస్తూ గుణింతం మొత్తం పాడుకుంటూ వచ్చి 'కో' దగ్గర ఆగింది. గుణింతం పాటగా వచ్చును గాని గుర్తుగా రాదన్నమాట. వ, ప, మ అక్షరాల మధ్య తేడా కొందరికి తెలియదు. ద, ధ, థ మరికొందరికి ఒకటే. వత్తు వస్తే చాలు, దాన్ని వదిలేసి ముందుకు పోయేవారే ఎక్కువ. 'పుస్తకం' వారి నోట 'పుసకం' అవుతుంది.

పంతులుగారి అనుమతితో మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లలందరినీ విద్యార్థులు ఒక్కొక్కరినే పిలిచి చదివించారు. మొదట అక్షరాలు, ఆపైన మాటలు, తరువాత నాలుగు వాక్యాలు, చివర ఒక చిన్న కథ. దేశంలోని పల్లెల్లో 2005 నుంచి 'అసర్' అనే సర్వే ఇదే విధంగా జరుగుతున్నది. ఆ సర్వే చేసేవారిలో చాలామంది ఆయా జిల్లాల కళాశాల విద్యార్థులే కావడం గమనార్హం. ఐదో తరగతిలో ఉండి రెండో తరగతి పాఠం చదవగలిగిన పిల్లలు దేశం మొత్తం మీద 2018లో నూటికి 50 మంది. కరోనాకు బడులు మూతపడి తెరిచాక 2022లో 43 మందికి పడిపోయారు. 2024లో 49 మంది దాకా కోలుకున్నారు. అంటే ఇప్పటికీ ప్రతి ఇద్దరిలో ఒకరు చదవలేకనే ఐదో తరగతి దాటుతున్నారన్నమాట. కాబట్టి ఇది ఈ ఒక్క ఊరి తప్పు కాదు, ఈ ఒక్క పంతులు తప్పు కూడా కాదు.

"ఐదు తరగతులకు ఇద్దరం ఉన్నాం. ఒకరు సెలవు పెడితే ఒక్కరమే. ఒకటో తరగతి వాళ్లకు అక్షరాలు దిద్దిస్తుంటే ఐదో తరగతి వాళ్లు ఖాళీ. వీళ్లకు పాఠం చెబుతుంటే వాళ్లు కొట్టుకుంటారు. వెనకబడినవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకొని చదివించే గంట మాకు దొరకదు" అని పంతులుగారు ఈ విలేకరితో అన్నారు.

తరగతి కాదు, మెట్టు చూడాలి

ఆ దొరకని గంటనే విద్యార్థులు సాయంత్రం పూట ఇస్తున్నారు. వారు పిల్లలను తరగతిని బట్టి కూర్చోబెట్టడం లేదు. అక్షరాలు రాని వారంతా ఒక గుంపు. అక్షరాలు వచ్చి మాటలు కూడబలుక్కునే వారు ఒక గుంపు. వాక్యాలు వచ్చిన వారు మరో గుంపు. ఐదో తరగతి వాడైనా, మూడో తరగతి పిల్ల అయినా ఏ మెట్టు మీద ఉంటే అక్కడి నుంచే ఎక్కాలి. ఒక మెట్టు దాటగానే పై గుంపులోకి మార్చుతారు. మొదట్లో పెద్ద పిల్లలు చిన్న పిల్లల పక్కన కూర్చోవడానికి సిగ్గుపడ్డారు. పై గుంపుకు మారడం పది రోజుల్లోనే మొదలు కావడంతో ఆ సిగ్గు పోయింది.

పాఠాలు కూడా పిల్లల నోటి నుంచే వస్తాయి. "నిన్న ఏం చేశావు?" అని అడుగుతారు. పిల్లవాడు చెప్పిన మాటనే బల్ల మీద రాస్తారు. మేక, వేప, నిమ్మ, గరిటె, పొగాకు, ఇలా రోజూ కళ్ల ముందు కనిపించేవే మాటలు. తాను చెప్పిందే గనుక చదవడానికి పిల్లవాడికి హుషారు. మేకల పిల్లవాడు చెప్పిన కథ ఇది: "మా మేక ఈనింది. రెండు పిల్లలు. ఒకటి నల్లది. దానికి పాలు చాలవు." ఈ నాలుగు వాక్యాలను వారం రోజులపాటు చదివి, రాసి, చెరిపి, మళ్లీ రాశాడు. 'పిల్లలు' అనే మాటలో లావత్తు మొదటిసారి తెలిసింది అక్కడే.

ఈ పద్ధతి ఫలిస్తుందా అని అడిగితే ఫలిస్తుందనే చెప్పాలి. 2005 తరువాత ఉత్తరప్రదేశ్‌లోని జౌన్‌పూర్ జిల్లాలో గ్రామ యువకులు సాయంత్రం పూట ఇలాంటి చదువు తరగతులు నడిపారు. ఆర్థిక శాస్త్రంలో 2019లో నోబెల్ బహుమతి పొందిన అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో తదితరులు వాటిని పరిశీలించారు. తరగతులకు వచ్చిన పిల్లలకు చదువు వచ్చిందని తేలింది. కాని అసలు వచ్చిన పిల్లలే తక్కువ. చదువు రానివారిలో ఎక్కువమంది ఆ గడప తొక్కలేదు.

ఇక్కడి విద్యార్థులు ఆ సంగతి అనుభవంతోనే తెలుసుకున్నారు. రాని పిల్లల ఇళ్లకు వెళ్లి పిలుచుకొని వస్తున్నారు. "అరుగు మీదికి వచ్చేవాడికంటే గోడ చాటున నిలబడి చూసేవాడికే మేం ఎక్కువ అవసరం" అని ఒక విద్యార్థిని అన్నది.

అవ్వ మరచిన అక్షరాలు

అరుగు చివర ఒక అవ్వ రోజూ వచ్చి కూర్చుంటుంది. మనవణ్ణి దింపడానికి వచ్చానంటుంది గాని, బల్ల వైపే చూస్తుంటుంది. ఆమెను కదిలిస్తే ఈ జిల్లా చరిత్రే కదిలింది.

1986 మే 1న ఎన్.ఎస్.ఎస్. విద్యార్థుల చేత వయోజనులకు చదువు చెప్పించే కార్యక్రమం దేశమంతటా మొదలైంది. 1991లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం నడిచింది. వేలాది మంది స్వచ్ఛంద కార్యకర్తలు రాత్రి బడులు పెట్టారు. కూలి పనికి పోయి వచ్చిన ఆడవారు లాంతరు వెలుగులో పలకలు పట్టారు. ఆ బడుల్లో కలిసిన ఆడవారే దూబగుంటలో సారా మీద తిరగబడ్డారు. ఆ నిప్పు 1992లో జిల్లాను దాటి రాష్ట్రమంతటా అంటుకుంది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది.

"మేము గూడా చదివినాం అయ్యా" అన్నది అవ్వ. "బుడ్డి దీపం పెట్టుకోని చదివినాం. నా పేరు, మా ఊరి పేరు రాసినా. సారా అంగడి కాడికి పోయి మూయించినాం. ఆ పైన బడి నిలిచిపోయె. ఇంట్లో చదివేదానికి ఏముండాది? కొంచెం కొంచెంగా మరిచిపోయినా. ఇప్పుడు సంతకం ఒక్కటే మిగిలింది. వీళ్లకట్టా కానీబాకండి."

ఈ వార్త రాయడానికి కారణం అవ్వ చెప్పిన ఈ చివరి మాటే.

శిబిరం ఎత్తేశాక

ఊరివారికి మొదట నమ్మకం కలగలేదు. మునుపొకసారి ఎవరో విద్యార్థులు వచ్చి గోడల మీద నినాదాలు రాసి, ఫోటోలు తీయించుకొని వెళ్లారట. "పాఠాలకు వచ్చినారా, ఫోటోలకు వచ్చినారా?" అని ఒక రైతు మొహం మీదే అడిగాడు. విద్యార్థులు జవాబు చెప్పలేదు. ఏడో రోజు శిబిరం ఎత్తేశారు. ఎనిమిదో రోజు ఎవరూ రాలేదు. ఆ శనివారం మాత్రం ఏడుగురు బస్సు దిగారు.

అప్పటి నుంచి ప్రతి శని, ఆదివారాల్లో వస్తున్నారు. బస్సు చార్జీలు సొంతవే. చీకటి పడ్డాక ఆడపిల్లలు తిరిగి రావడం ఎలాగని ఇళ్లలో అభ్యంతరం చెప్పారు. ఫోటోల మాట అన్న రైతే తన ఆటోలో వారిని రోడ్డు దాకా దింపి, బస్సు ఎక్కేదాకా నిలబడి వస్తున్నాడు. మిగిలిన ఐదు రోజులు బడి ఆగకుండా ఊళ్లోనే ఇంటరు చదివిన ఇద్దరు కోడళ్లు గుంపులను చూస్తున్నారు. కాలేజీ పరీక్షలు వస్తే విద్యార్థులు కొన్ని వారాలు రాలేరు. వచ్చే ఏడాది వీరిలో కొందరి చదువే అయిపోతుంది. అప్పుడు అరుగు మీద దీపం నిలబెట్టేది ఆ కోడళ్లే. వారికి వేతనం లేదు, గుర్తింపు లేదు. పిల్లలకు చదివించడానికి కథల పుస్తకాలు కూడా లేవు. పాత వాచకాలు, పత్రికల్లోని పెద్ద అక్షరాల శీర్షికలతోనే నెట్టుకొస్తున్నారు.

కళాశాలలు చేయగలిగింది కొంత ఉంది. డిగ్రీ చదువులో సామాజిక సేవా ప్రాజెక్టు ఉన్నది. చాలాచోట్ల అది ప్రశ్నావళి నింపి రికార్డు సమర్పించడంతో సరిపోతున్నది. ఒక విద్యార్థి ఒక పిల్లవాడికి చదవడం నేర్పితే ఆ గంటలను లెక్కలోకి తీసుకోవచ్చు. శాఖా గ్రంథాలయాల వారు నెలకొక పెట్టె పుస్తకాలు పంపితే ఇలాంటి అరుగులకు మేలు చేసినవారవుతారు. కనీసం విద్యార్థుల బస్సు చార్జీలైనా చెల్లించే మార్గం సంబంధిత అధికారులు ఆలోచించాలి.

తల్లిదండ్రులు చేయగలిగింది ఇంకా సులువు. మీ పిల్లవాడు పాఠం అప్పజెబితే సంతోషించండి, కాని అక్కడితో ఆగవద్దు. ఎప్పుడూ చూడని రెండో తరగతి పేజీ ఒకటి తెచ్చి చదవమనండి. చదవలేకపోతే తిట్టవద్దు, కొట్టవద్దు. రోజూ పది నిమిషాలు పక్కన కూర్చోండి. మీకు చదువు రాకపోయినా పరవాలేదు. వినేవారుంటే పిల్లవాడు చదువుతాడు.

మేకల పిల్లవాడి సంగతి ఇంకా తేలలేదు. ఆరో తరగతికి నాలుగు కిలోమీటర్ల దూరంలోని హైస్కూలుకు పోవాలి. "అక్షరం రానోడికి హైస్కూలు ఎందుకు? మేకలు కాసుకుంటే కడుపన్నా నిండుద్ది" అన్నది తండ్రి మాట. ఇటీవల పశువుల ఆసుపత్రిలో నట్టల మందు గురించి ఇచ్చిన కరపత్రం ఇంట్లో పడి ఉంటే, పిల్లవాడు దీపం కింద కూర్చొని కూడబలుక్కుంటూ చదివాడట. వత్తుల దగ్గర రెండుసార్లు ఆగాడట. పిల్ల మేకకు ఎంత పట్టాలో, పెద్ద మేకకు ఎంత పట్టాలో చదివి వినిపించాడట. తండ్రి మధ్యలో అడ్డు రాలేదట.

హైస్కూలుకు పంపుతారా అని ఈ విలేకరి అడిగితే ఆయన కాసేపు మాట్లాడలేదు. "జూన్ రానీ, చూద్దాం" అన్నాడు. మొన్నటిదాకా పంపనన్న మనిషి ఇప్పుడు చూద్దామంటున్నాడు.

జూన్‌లో బడులు తెరిచాక ఈ విలేకరి మళ్లీ ఆ ఊరికి వెళతాడు. ఆ పిల్లవాడు హైస్కూలు బాట పట్టిందీ, మేకల బాట పట్టిందీ ఈ పేజీలోనే తెలియజేయడం జరుగుతుంది.