బొమ్మ కవచానికి తుప్పు పట్టించడం ఎలా?

బల్ల మీద ఆడే ఊహాలోకపు యుద్ధాల్లో ఒక్కో సైనికుడి ఎత్తు సుమారు 28 మిల్లీమీటర్లు. బొటనవేలి పై కణుపంత. 1983లో బ్రిటన్‌లో వచ్చిన వార్‌హామర్ ఈ ఆటల్లో బాగా పేరున్నది. రాక్షసులు, కవచధారులు, యుద్ధ యంత్రాలు రంగులేని ప్లాస్టిక్ ముక్కలుగా వస్తాయి. అతికించి రంగులు వేసుకోవడం ఆడేవాళ్ల పని. ఆ తర్వాత ఇంకో పని ఉంటుంది: కొత్త రంగు మీద తుప్పు, మసి, బురద, గీతలు తెచ్చి బొమ్మను పాతబరచడం. దీన్ని వెదరింగ్ అంటారు. నా మట్టుకు అసలైన విద్య ఇదే. ఇది నేర్చుకోవాలంటే సంగారెడ్డి జిల్లా గడ్డపోతారం, కాజీపల్లి పారిశ్రామికవాడల రోడ్ల మీద తుప్పు పట్టిన షెడ్లను, పైపులను చూస్తూ ఓ పూట తిరిగి రావాలి.

బొమ్మకు రంగు నిలబెట్టడం మనవాళ్లకు కొత్తేమీ కాదు. కొండపల్లిలో తెల్లపొణికి కర్రతో చెక్కిన ముక్కలను చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. ఆపైన సుద్ద పూత వేసి, అది ఆరాకే రంగులు దిద్దుతారు. ప్లాస్టిక్ బొమ్మకు ముందుగా వేసే ప్రైమర్ చేసేదీ సుద్ద చేసే పనే. పైగా ప్లాస్టిక్ నీటిని పీల్చుకోదు, అచ్చులోంచి వచ్చిన జిడ్డు కూడా ఉంటుంది కాబట్టి ముందు సబ్బునీళ్లతో కడగాలి. ఆక్రిలిక్ రంగులో సన్నటి ప్లాస్టిక్ రేణువులు నీటిలో తేలుతుంటాయి. నీరు ఆవిరయ్యేకొద్దీ అవి ఒకదాన్నొకటి ఒత్తుకుని పొరగా అతుక్కుపోతాయి. ఒకసారి అతుక్కున్నాక మళ్లీ నీళ్లు తగిలినా కరగవు. అందుకే పలుచగా, పొర మీద పొరగా వేసుకోవచ్చు.

ఇప్పుడు ఒక చిన్న లెక్క. 28 మిల్లీమీటర్ల బొమ్మ మనిషికి దాదాపు 60వ వంతు. దాన్ని 60 సెంటీమీటర్ల దూరం నుంచి చూడటమంటే నిజమైన మనిషిని 36 మీటర్ల దూరం నుంచి చూడటమే. మామూలు చూపుకు అంత దూరంలో ఒక సెంటీమీటరు కంటే చిన్న వివరం విడిగా ఆనదు. బొమ్మ మీద అది 0.17 మిల్లీమీటరు. కాబట్టి తుప్పును ముక్కు దగ్గర పెట్టుకుని గమనిస్తే లాభం లేదు. రోడ్డుకు అవతల నిలబడి ఫ్యాక్టరీ షెడ్డును చూడండి. చుక్కలు, గరుకుదనం కనబడకుండా పోతాయి. మిగిలేవి చారలు, అంచులు, రంగు మారిన పట్టీలు. వేయాల్సినవి అవే.

ఆ చారలు ఎక్కడ మొదలవుతాయన్నదే కీలకం. ఇనుముకు తుప్పు పట్టాలంటే నీరు, ఆక్సిజన్ రెండూ కావాలి. 1920లలో కేంబ్రిడ్జిలో యు.ఆర్. ఎవాన్స్ ఇనుప రేకు మీద ఉప్పునీటి చుక్క ఉంచి గమనించాడు. గాలి బాగా అందేది చుక్క అంచుకు, కాబట్టి అంచే ముందు పాడవుతుందని ఎవరైనా అనుకుంటారు. కానీ కరిగింది గాలి అందని నడిభాగం. అక్కడ కరిగిన ఇనుము బయటికి వస్తూ, దారిలో ఆక్సిజన్ ఎదురైన చోట తుప్పు వలయంగా పేరుకుంది. రేకు మీద రేకు కప్పిన చోట, బోల్టు వాషర్ కింద, పైపును పట్టుకున్న క్లాంపు లోపల జరిగేదీ ఇదే. తడి నిలుస్తుంది, గాలి ఆడదు, లోపల ఇనుము తినుకుపోతుంది, తుప్పు బయటికి కారుతుంది. బొమ్మ కవచం మీద కూడా తుప్పు నడిమైదానంలో పుట్టకూడదు. రివెట్టు దగ్గర, అతుకు దగ్గర పుట్టి వాన కారే దిక్కుకు సాగాలి.

జింకు పూత వేసిన జీఐ రేకులైతే ఇంకో తీరు. ఆ పూత ముందు తానే అరిగి ఇనుమును కాపాడుతుంది. తెల్లటి పొడి మరకలు వచ్చాక, పూత అయిపోయిన చోట ఎరుపు బయటపడుతుంది. రసాయన పరిశ్రమల్లో వాడే హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఆవిర్లు గాలిలోని తేమతో కలిస్తే మామూలు ఉక్కు (ఎమ్మెస్) పైపుకు తుప్పు త్వరగా పడుతుంది. దాని పక్కనే స్టెయిన్‌లెస్ స్టీలు (ఎస్సెస్) పైపు మరికొంత కాలం మెరుస్తూ ఉండొచ్చు. అన్ని లోహాలకూ ఒకే గోధుమరంగు పూసే చిత్రకారుడు ఈ తేడాను పోగొట్టుకుంటాడు. వయసు తేడా కూడా ఉంది. తాజా తుప్పు నారింజ రంగులో ఉండి, ముదిరేకొద్దీ ముదురు గోధుమకు తిరుగుతుంది. తుప్పు తాను పుట్టిన ఇనుము కంటే రెట్టింపుకు పైగా చోటు తీసుకుంటుంది కనుక పైనున్న పెయింటును ఉబ్బించి పెచ్చులుగా లేపుతుంది. బొమ్మ మీదా అదే క్రమం పాటించాలి: కింద తుప్పు రంగు, దానిపై హెయిర్‌స్ప్రే, ఆపైన అసలు రంగు. తర్వాత తడి బ్రష్షుతో రుద్దితే హెయిర్‌స్ప్రే మెత్తబడి పైరంగు పెచ్చులుగా లేస్తుంది.

ఇక్కడ నాకు ఎంతో ఇష్టమైన సంగతి ఒకటుంది. బొమ్మకు వాడే తుప్పు రంగుల్లో చాలావరకు నిజంగానే తుప్పులాగే ఐరన్ ఆక్సైడ్లు. గడపకు, అరుగుకు పూసే జాజు ఎరుపూ అదే. ఫ్యాబ్రికేషన్ షాపులో కొత్త ఇనుముకు మొదట కొట్టే రెడ్ ఆక్సైడ్ కూడా అదే. తుప్పు రంగున్న పూతే తుప్పును ఆపుతోంది!

నీరు మాత్రం బొమ్మతో పాటు చిన్నదవదు. 3 మిల్లీమీటర్ల చుక్క ఆ సైనికుడికి 18 సెంటీమీటర్ల నీటి ముద్ద. పలుచటి రంగును పోసి వదిలేస్తే తలతన్యత దాన్ని సందుల్లోకి లాగుతుంది. నీడలకు అది మంచిదే. కానీ చదునైన చోట అంచులు ముందు ఆరి, నడిమి నుంచి ద్రవాన్ని లాగి, రేణువులను అంచున పేరుస్తాయి. కాఫీ మరక అంచు ముదురుగా ఉండటానికీ కారణం ఇదేనని 1997లో రాబర్ట్ డీగన్ బృందం వివరించింది. అందుకే చారలను కారనివ్వకూడదు, సన్న బ్రష్షుతో గీయాలి. అదనపు తడిని పొడి బ్రష్షుతో ఎత్తేయాలి.

పొడి రంగులు చల్లేటప్పుడు, స్ప్రే కొట్టేటప్పుడు మాస్కు వేసుకోండి, కిటికీలు తెరవండి. ఆ పారిశ్రామికవాడలున్న పటాన్‌చెరు ప్రాంతపు నీటి కాలుష్యం మీద 1990లోనే సుప్రీంకోర్టులో పిటిషన్ పడింది. ఆ నేల మీద నేర్చుకునే విద్యకు ఈ నియమం తప్పనిసరి: థిన్నర్‌ను ఎప్పుడూ కాలవలో పారబోయకండి. బ్రష్షులు కడిగిన నీళ్లను డబ్బాలో ఆరనిచ్చి, అడుగున మిగిలిన పొరను చెత్తతో పాటు ఇచ్చేయండి.