రాకడ కోసం కనిపెట్టే ఇళ్లలో: కొన్ని విశేషాలు

సికింద్రాబాద్ చర్చిల్లో ఆదివారం ఆరాధన ముగిసే ముందు సెక్రటరీ గారు లేచి ప్రకటనలు చదువుతారు. చాలా సంఘాల్లో ఆ ప్రకటనలు "ప్రభువు రాకడ ఆలస్యమైతే" అన్న మాటతో మొదలవుతాయి. బుధవారం స్త్రీల కూడిక ఎవరింట్లో, యవ్వనస్థుల రిట్రీట్‌కి ఎంత కట్టాలి, చర్చి పైకప్పు మరమ్మతుకు ఎంత పోగైంది అన్నవన్నీ ఆ తర్వాతే. యేసు తిరిగి వస్తాడనీ, ఆ గడియ ఎవరికీ తెలియదనీ నమ్మేవాళ్లు వచ్చే వారం సంగతి మాట్లాడుకునే తీరు ఇది. ఈ నమ్మకం గురించి బయటివాళ్ల దాకా వెళ్లేవి ఎక్కువగా యుగాంతం తేదీలు, భయపెట్టే వీడియోలే. నాకు మాత్రం దాని అసలు బలం ఇలాంటి చిన్న అలవాట్లలోనే కనిపిస్తుంది.

రాకడ దగ్గరపడిందని పనీపాటా మానేసినవాళ్లు మొదటి శతాబ్దంలోనే ఉన్నారు. ఇప్పటి గ్రీసు దేశంలోని థెస్సలొనీక సంఘానికి పౌలు రాసిన రెండో పత్రిక వాళ్లను గట్టిగా మందలిస్తుంది. ఒళ్లు వంచనివాడికి అన్నం పెట్టొద్దన్నంత కటువుగా!

డిసెంబరు 31 రాత్రి చర్చిల్లో జరిగే వాచ్‌నైట్ ఆరాధన వెనక బొగ్గుగని కార్మికులున్నారు. ఇంగ్లండులో బ్రిస్టల్ దగ్గర కింగ్స్‌వుడ్ గనుల్లో పనిచేసేవాళ్లు మెథడిస్టులు కాకముందు శనివారం రాత్రులు సారాకొట్లలో గడిపేవారట. 1740 ప్రాంతంలో వాళ్లే ఆ రాత్రులను ప్రార్థనకు మళ్లించారు. ఆ పద్ధతి మెథడిస్టు ఉద్యమాన్ని నడిపిన జాన్ వెస్లీకి నచ్చింది. పెండ్లికుమారుడు ఏ జామున వస్తాడో తెలియక దివిటీలతో ఎదురుచూసిన కన్యకల ఉపమానం ఆయన మనసులో ఉండే ఉంటుంది. పౌర్ణమికి దగ్గరగా వచ్చే శుక్రవారాన్ని ఎంచుకునేవారు, అర్ధరాత్రి ఇళ్లకు నడిచి వెళ్లేవాళ్లకు వెన్నెల వెలుతురు ఉంటుందని. తర్వాత తర్వాత అది ఏడాది చివరి రాత్రికి చేరింది. వెస్లియన్ మిషనరీలు 1880 ప్రాంతంలో సికింద్రాబాద్‌లో పని మొదలుపెట్టారు. ఇప్పుడు ఒక్క వెస్లీ చర్చిలోనే కాదు, మిగతా సీఎస్ఐవాళ్లు, బాప్టిస్టులు, పెంతెకొస్తువాళ్లు అందరూ ఆ రాత్రి మేలుకునే ఉంటారు. పన్నెండు కొట్టబోతుండగా పాటలు ఆగిపోతాయి, అందరూ మోకరిస్తారు. గంట మోగాక శుభాకాంక్షలు, కేకు ముక్క, టీ. ఆ తర్వాత ఒక పళ్లెంలో వాగ్దాన కార్డులు తిరుగుతాయి. కళ్లు మూసుకుని ఒకటి తీసుకోవాలి. అందులోని వాక్యం ఆ ఏడాదంతా ఇంట్లో బీరువా తలుపు మీదో, దేవుని మాటల క్యాలెండరు పక్కనో ఉండిపోతుంది. జబ్బు చేసినప్పుడు, ఉద్యోగం పోయినప్పుడు ఆ కార్డు ముందు నిలబడి మళ్లీ చదువుకునేవాళ్లు ఎందరో.

సంప్రదాయ క్రైస్తవ సమాధిలో తల పడమటికి, పాదాలు తూర్పుకి ఉంటాయి. ప్రభువు తూర్పున ప్రత్యక్షమైతే లేచినవాళ్లు నేరుగా ఆయన్నే చూడాలని. దహనం కాక ఖననాన్నే ఎంచుకోవడానికీ శరీరం తిరిగి లేస్తుందన్న నిరీక్షణే మూలం. జంటనగరాల పాత సమాధుల తోటల్లో చోటు కరువై, పాత సమాధినే తెరిచి అదే కుటుంబంలో మరొకరిని పెడుతున్నారు. తాతా మనవడూ ఒకే రాతి కింద ఉంటారు. నవంబరు 2న కథోలికులు, ఈస్టర్ తెల్లవారుజామున ప్రొటెస్టెంట్లు భోయిగూడ లాంటి చోట్లకు పూలు, కొవ్వొత్తులు పట్టుకుని వెళ్తారు. అంతకు ముందే కలుపు పీకి, సున్నం వేసి, చెరిగిపోయిన పేర్లకు నల్లరంగు పూస్తారు. ఈస్టర్ నాటి ఆ పనిలో ఏడుపు తక్కువ, పాట ఎక్కువ. చూడనివాళ్లు ఒక్కసారైనా చూడాలి.

మెదక్ చర్చిలో అద్దాల కిటికీలు మూడున్నాయి. అన్నిటికన్నా ముందు, 1927లో బిగించింది క్రీస్తు ఆరోహణ దృశ్యం. వెళ్లిన తీరునే తిరిగి వస్తాడని శిష్యులకు దూతలు చెప్పిన ఘట్టం అది. ఆ చర్చిని కట్టించిన చార్లెస్ వాకర్ పాస్నెట్ 1895లో సికింద్రాబాద్‌లో దిగి, ముందు తిరుమలగిరి సైనికుల మధ్య పనిచేశారు. మెదక్ డయాసిస్ కార్యాలయం నేటికీ సికింద్రాబాద్‌లోనే ఉంది.

రాకడ ఏ క్షణమైనా కావచ్చన్న నమ్మకం డబ్బు సంగతినీ తాకింది. 1836లో ఇంగ్లండు నుంచి బయల్దేరి వచ్చి గోదావరి డెల్టాలో నరసాపురం చుట్టుపక్కల పనిచేసిన బ్రదరెన్ మిషనరీలు విలియం బౌడెన్, జార్జ్ బీర్ ఏ సొసైటీ జీతమూ లేకుండానే వచ్చారు. పంజాబులో సిక్కు కుటుంబంలో పుట్టిన భక్త్ సింగ్ (1903–2000) నూరేళ్లు దాటాక అదే బాట పట్టారు. సికింద్రాబాద్‌కు కూతవేటు దూరంలో, గోల్కొండ చౌరస్తా దగ్గర ఆయన స్థాపించిన హెబ్రోనులో ఏటేటా జరిగే కూటాలకు వేలమంది వస్తారు. చాపల మీదే కూర్చుంటారు, పందిళ్ల కింద కలిసి తింటారు. అక్కడ భోజనానికి టికెట్టు లేదు.

కార్న్‌ఫ్లేక్స్‌కూ రాకడకూ చుట్టరికం ఉంది. అమెరికాలో విలియం మిల్లర్ లెక్కలు నమ్మినవాళ్లు 1844 అక్టోబరు 22న ప్రభువు వస్తాడని ఎదురుచూశారు. కొందరు రైతులు పంట కోయకుండా పొలంలోనే వదిలేశారు. ఆ రోజు గడిచిపోయింది, గుండెలు పగిలాయి. ఆ నిరాశలోంచి నిలదొక్కుకున్నవాళ్లలో కొందరు 1863లో సెవెంత్ డే అడ్వెంటిస్టు సంఘంగా ఏర్పడ్డారు. వాళ్లు తేదీలు వదిలేసి ఆరోగ్యాన్ని పట్టుకున్నారు. శాకాహారం, ఆసుపత్రులు, బడులు వాళ్ల బాట అయ్యాయి. బాటిల్ క్రీక్‌లో వాళ్ల ఆరోగ్యాలయం నడిపిన డాక్టర్ కెల్లాగ్ వంటింట్లో పుట్టినవే ఆ రేకులు. అడ్వెంటిస్టు ఇళ్లలో శనివారపు వంట శుక్రవారం పొద్దు గుంకకముందే పూర్తి కావాలి.

భయం గురించీ చెప్పాలి. ప్రకటన గ్రంథం 13వ అధ్యాయంలో, ముద్ర లేనివాళ్లు కొనడానికీ అమ్మడానికీ వీల్లేని కాలం గురించి ఉంది. ఆ ముద్రను జనం మొదట బార్‌కోడ్‌లో వెతికారు, 2010లో ఆధార్ మొదలయ్యాక అందులో, కోవిడ్ రోజుల్లో టీకాలో వెతికారు. మిజోరంలో కొందరు క్రైస్తవులు ఈ భయంతోనే ఆధార్ వద్దన్నారు. నవ్వేసి వదిలేయాల్సిన విషయం కాదిది. వాట్సాప్‌లో వచ్చిన వీడియో చూసి ఒక ముసలమ్మ పెన్షన్ కాగితం పక్కన పడేస్తే, ఆమె పక్కన కూర్చుని ఆ అధ్యాయం మొత్తం చదివి వివరించాల్సిన బాధ్యత సంఘానిదే. ఆ పని ఓపిగ్గా చేసే పాస్టర్లు ఉన్నారు, ఇంకా చాలామంది కావాలి.

ఇక ప్రభువు బల్ల. చాలా సంఘాల్లో నెలలో మొదటి ఆదివారం రొట్టె, ద్రాక్షారసం తీసుకుంటారు. ప్రభువు తిరిగి వచ్చేదాకా ఆపకూడని ఆచారం అది. పగ పెట్టుకుని బల్ల దగ్గరికి రాకూడదన్న నియమం ఉంది కాబట్టి, శనివారం సాయంత్రాలు కొన్ని ఇళ్లలో పెద్ద పనే జరుగుతుంది. చిట్టీ బాకీ దగ్గర మాటలు మానేసిన వదినా మరదళ్లు, ఇంటి వాటా దగ్గర తెగదెంపులు చేసుకున్న అన్నదమ్ములు ఒకరి గుమ్మంలోకి ఒకరు వెళ్తారు. కుదరకపోతే పాస్టరుగారు ఇద్దరినీ పిలిచి కూర్చోబెడతారు. అప్పటికీ మనసు కరగనివాళ్లు ఆ ఆదివారం బల్ల దగ్గరికి రాకుండా వెనక బెంచీలోనే ఉండిపోతారు, వచ్చే నెలకల్లా తేల్చుకుంటామని.