ఒక్క గీతతో పాత ఫోల్డర్‌కు: షెల్‌కు ఎలా గుర్తుంటుంది?

ఛత్తా బజార్‌లో పెళ్లి కార్డులు అచ్చువేసే షాపు ఒకటి ఉందనుకుందాం. అక్కడ లైనక్స్ కంప్యూటర్ ముందు కూర్చున్న కుర్రాడికి రెండు ఫోల్డర్లతో పని. ఒకదాంట్లో ఈ నెల షాదీ కార్డులు, ఇంకోదాంట్లో పనికిరాని పాత డిజైన్లు. మౌస్ పట్టుకోకుండా టెర్మినల్‌లో కమాండ్లు టైపు చేస్తాడు. ఫోల్డర్ మారాలంటే ‘సీడీ’ అని కొట్టి, ఫోల్డర్ అడ్రస్ రాయాలి. వెనక్కి రావడానికి అంత పని లేదు. సీడీ తర్వాత ఖాళీ వదిలి ఒక చిన్న గీత, అంటే హైఫన్, కొడితే చాలు.

మరి పాత చోటు ఎవరికి గుర్తుంది? ఆపరేటింగ్ సిస్టమ్‌లో అసలు పని చేసే కెర్నల్‌కు ఒక ప్రోగ్రామ్ ఇప్పుడు ఏ ఫోల్డర్‌లో ఉందో మాత్రమే తెలుసు. ఇంతకుముందు ఎక్కడుందో దానికి అనవసరం. ఆ లెక్క రాసుకునేది మన కమాండ్లు చదివే ‘షెల్’. దాని దగ్గర రెండు చీటీలు ఉంటాయి. ‘పీడబ్ల్యూడీ’లో ఇప్పుడున్న చోటు, ‘ఓల్డ్‌పీడబ్ల్యూడీ’లో వదిలి వచ్చిన చోటు. ఫోల్డర్ మారినప్పుడల్లా మొదటి చీటీలోని అడ్రస్ రెండోదాంట్లోకి వెళ్తుంది, మొదటి దాంట్లో కొత్తది పడుతుంది. అడ్రస్ తప్పు కొట్టి సీడీ ఫెయిలైతే ఏ చీటీ మారదు.

అందుకే షెల్‌కు గుర్తుండేది ఒక్క మజిలీయే. మదీనా నుంచి చార్మినార్, అక్కడి నుంచి శాలిబండ వెళ్లామనుకోండి. గీత కొడితే చార్మినార్ వస్తుంది. మళ్లీ కొడితే మదీనా రాదు, శాలిబండే వస్తుంది! ఎక్కువ చోట్లు గుర్తుండాలంటే బాష్ షెల్‌లో ‘పుష్‌డీ’, ‘పాప్‌డీ’ ఉన్నాయి. ఇవి సీ షెల్ నుంచి వచ్చినవి.

చిక్కంతా రెండు విండోలు తెరిచినప్పుడే. ఏ షెల్ చీటీలు దానివే. ఒక విండోలో గీత కొడితే పాత డిజైన్లు రావచ్చు, పక్క విండోలో అదే గీతకు ఈ నెల కార్డులు రావచ్చు. అక్కడ ‘ఆర్‌ఎం’ కొట్టి అన్నీ తుడిచేస్తే అవి ట్రాష్‌లోకి కూడా పోవు. బ్యాకప్ లేకపోతే నికాహ్ తేదీ దగ్గరపడ్డ కస్టమర్‌కు ఏం చెబుతారు? గీత కొట్టాక షెల్ తాను చేరిన అడ్రస్‌ను ఒక లైనులో చూపిస్తుంది. చాలామంది అది చదవరు. తుడిచే ముందు చిన్న అక్షరాల్లో ‘పీడబ్ల్యూడీ’ అని కొట్టినా ఉన్న చోటు కనిపిస్తుంది.

విండోస్‌లోని పాత కమాండ్ ప్రాంప్ట్‌లో మాత్రం ఈ గీత పనిచేయదు.