రాతి వీధిలో క్రిస్మస్ వృక్షము

పత్తర్‌గట్టి పేరులోనే రాయి ఉన్నది. 1908 సెప్టెంబరులో మూసీనది పొంగి హైదరాబాదు నగరమును ముంచివేసిన పిమ్మట, 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి సంఘము చార్మినారుకు ఉత్తరముగా ఈ అంగడివీధిని గ్రానైటు రాతితో కట్టించినది. ఇరువైపుల బారులు తీరిన కమానులు, వాని నీడలో నడవా, నడవా వెంట బట్టల దుకాణములు, ముత్యముల దుకాణములు, అత్తరు సీసాలు. కొమ్మ విరుచుకొనుటకు తగిన చెట్టు ఇచట అగపడుట అరుదు. డిసెంబరు మాసమున ఇట్టి వీధిలో నిలిచి క్రిస్మస్ వృక్షమును గూర్చి తలచుట వింతగా తోచవచ్చును. కాని చెట్టు దొరకని చోటనే చెట్టును కల్పించుకొనవలసిన అవసరము కలుగును. అందుకు కావలసిన సామగ్రి అంతయు ఈ రాతి కమానుల చుట్టుప్రక్కలనే ఉన్నది.

ముందుగా ఒక చిక్కు విడవలెను. బడిలో క్రిస్మస్ బొమ్మ గీయుమన్నచో మన పిల్లలలో పెక్కుమంది గీయునది మంచు కప్పిన ఫర్ వృక్షము. వారు మంచును చూచి ఎరుగరు, ఫర్ వృక్షమును చూచి ఎరుగరు. తండ్రి వెదురు బద్దలతో కట్టిన చెట్టును గాని, తల్లి సరుగుడు కొమ్మకు కాగితపు పూలు కట్టి మూలను నిలిపిన చెట్టును గాని వారు గీయరు. ఏమని అడిగినచో ‘‘అది అసలు చెట్టు కాదు గదా’’ అందురు. పండుగ తమ ఇంటిలో జరుగుచున్నను, అసలు పండుగ మరెక్కడనో, పుస్తకములోని చలిదేశములో జరుగుచున్నదని పసిమనస్సు నమ్ముట చిన్న విషయము కాదు. ఆ నమ్మకమునకు ఆధారమెంతో చరిత్రను అడిగి చూడవచ్చును.

1605 ప్రాంతమున స్ట్రాస్‌బర్గు నగరములోని ఇండ్లలో ఫర్ చెట్లను నిలిపి అలంకరించుచుండిరని ఒక యాత్రికుడు వ్రాసి ఉంచినాడు. ఆ చెట్లకు కట్టినవేమి? రంగురంగుల కాగితముతో కత్తిరించిన గులాబీలు, ఆపిలు పండ్లు, పలుచని అప్పములు, బంగారు రేకులు, చక్కెర మిఠాయి. అనగా, ఇంటిలో ఉన్నవి, చేతితో చేసినవి. జర్మనీలో చెట్టునకు మారుగా కర్రలతో అంతస్తులుగా కట్టి, దీపములు నిలిపిన ‘పిరమిడ్’ను ఉంచు ఇండ్లును ఉండెను. అమెరికాలో పెన్సిల్వేనియాలోని బెత్లెహేము గ్రామమున మొరేవియన్ సంఘమువారు 1747లో పిల్లల కొరకు నిలిపినది ఇట్టి కర్ర గోపురమే. దానికి పచ్చని రెమ్మలు చుట్టి, ఆపిలు పండ్లు, క్రొవ్వొత్తులు అమర్చినారు. ఆ దేశపు క్రిస్మస్ వృక్షముల కథ చెప్పువారు తరచుగా దీనితోనే మొదలు పెట్టుదురు. మొదటిది చెట్టే కాదన్నమాట!

పందొమ్మిదవ శతాబ్దిలో జర్మనీ అడవులు తరిగిపోయి, లేత ఫర్ చెట్లను నరుకుట గూర్చి ఆందోళన కలిగినది. అంతట అచటివారు పెద్దబాతుల ఈకలకు ఆకుపచ్చ రంగు వేసి, తీగలకు చుట్టి, ఆ తీగలను కర్రకు గుచ్చి ఈకల చెట్టును చేసినారు. లండనులో 1848లో ఒక సచిత్ర వారపత్రిక విక్టోరియా రాణి కుటుంబము క్రిస్మస్ వృక్షము చుట్టు నిలిచిన చిత్రమును ప్రకటించిన తరువాతనే ఇంగ్లీషువారి ఇండ్లలో ఈ ఆచారము బాగుగా వ్యాపించినది. మనకు ఈ వృక్షము ఇంగ్లీషువారి ద్వారా వచ్చినది గనుక అది వారి అనాదిసంప్రదాయమని తలచుచున్నాము. వారికిని అది వలస వచ్చిన అతిథియే.

ఇక మన నేలకు వత్తము. కోస్తా జిల్లాలలో క్రైస్తవ కుటుంబములు పెక్కు సరుగుడు కొమ్మను క్రిస్మస్ వృక్షముగా నిలుపుదురు. సన్నని పచ్చని పోగులు, చిన్న చిన్న కాయలు చూచి అది ఫర్ జాతికి చుట్టమని భ్రమపడువారు కలరు. వృక్షశాస్త్రము ఒప్పుకొనదు. సరుగుడు పుష్పించు చెట్లలోనిది. మనము ఆకులనుకొను పోగులు నిజమునకు కణుపులు గల లేత రెమ్మలు. అసలు ఆకులు ఆ కణుపుల చుట్టు కంటికి ఆననంత చిన్న పొలుసులుగా ఉండును. ఒక పోగును కణుపుకడ త్రుంచి, భూతద్దముతో చూచి విద్యార్థులు ఆ పొలుసులను లెక్కించవచ్చును. ఆ చెట్టును మనది కాదు. తూర్పుదీవులు, ఆస్ట్రేలియా తీరముల నుండి వచ్చి, పందొమ్మిదవ శతాబ్దిలో రైలు ఇంజనుల వంటచెరకుగా మద్రాసు రాజధాని తీరమున తోటలు తోటలుగా పెరిగినది. రైలుకు కట్టెగా వచ్చినది పండుగకు చెట్టయినది.

తెలంగాణమున శంఖాకృతిని వేడుకగా పేర్చుట ఒకరు నేర్పవలసిన విద్య కాదు. తంగేడు, గునుగు, బంతి, చామంతులను పళ్ళెములో వలయములు వలయములుగా, పైకి పోను సన్నగిల్లునట్లు పేర్చిన బతుకమ్మను ఎరుగని ఇల్లు లేదు. గునుగు పూల కొనలకు రంగులద్దు నేర్పు ఇంటింటి ఆడపడుచుకు తెలిసినదే. పూలు చాలనిచోట కాగితపు పూలతో బతుకమ్మను చేయువారును కలరు. బతుకమ్మ వేరు, క్రిస్మస్ వృక్షము వేరు. ఒకదాని భక్తిని మరొకదానికి అంటగట్టనక్కరలేదు. కాని చేతికి వచ్చిన పని చేతిలోనే ఉన్నది. బొమ్మల కొలువునకు మెట్లు కట్టి, ఆవాలు, రాగులు మొలకెత్తించి పచ్చిక చేయు పద్ధతి మనకు కలదు. ఫ్రాన్సు దేశపు ప్రోవాన్సు ప్రాంతమున డిసెంబరు 4న గోధుమలు చల్లి, ఆ మొలకలను క్రిస్మస్ నాటికి బల్లపై అలంకారముగా ఉంచుదురు. ఎచటి ప్రోవాన్సు, ఎచటి బొమ్మల కొలువు! డిసెంబరు 15 ప్రాంతమున మట్టి ప్రమిదలలో రాగులు చల్లి, పండుగనాటికి వానిని మెట్లపై ముక్కోణముగా పేర్చినచో ప్రాణమున్న పచ్చని చెట్టే సిద్ధమగును.

పత్తర్‌గట్టి చెంతనే, మహమ్మద్ కులీ కుతుబ్‌షా 1594లో కట్టించిన బాద్‌షాహీ ఆషుర్‌ఖానా ఉన్నది. దాని గోడలపై రంగుల మెరుగుపెంకుల పని లోకప్రసిద్ధము. 1908 వరదనీరు తాకి చెడిన క్రింది భాగములలో, పోయిన పెంకులకు మారుగా అదే నమూనాను రంగులతో చిత్రించినారు. దగ్గరకు పోయి చూచినచో భేదము తెలియును. అయినను భక్తులకు అది అదే గోడ. లేనిదానిని ఉన్నదానితో పూరించుకొనుట ఈ వీధికి క్రొత్త గాదు.

సామగ్రి సంగతి చూతము. సంక్రాంతి సమీపించుచుండగా గుల్జార్‌హౌజు పరిసరములలోను, ధూల్‌పేటలోను పతంగుల వ్యాపారము జోరుగా సాగును. పతంగికి కావలసిన సన్నని వెదురు బద్ద, పలుచని రంగు కాగితము క్రిస్మస్ నక్షత్రమునకును కావలసినవే. పొడవైన ఒక కర్రకు క్రింద పెద్దది, పైన చిన్నదిగా అయిదారు వెదురు వలయములు దారముతో వ్రేలాడగట్టి, ఆకుపచ్చ కాగితపు కుచ్చులు అంటించినచో చెట్టు నిలుచును. ఛత్తాబజారు శుభలేఖల ముద్రణకు పేరుపడ్డది. మిగిలిన అట్టలు, పాత శుభలేఖలు ఏ ఇంటనైనను దొరకును. బట్టల దుకాణములో జరీ అంచుల ముక్కలు మిగులును. స్ట్రాస్‌బర్గువారి బంగారు రేకులకు ఇవి ఏమి తీసికట్టు?

అట్టతో శంఖువు చేయుటలో ఒక లెక్క ఉన్నది, ఉపాధ్యాయులకు పనికివచ్చును. అర్ధవృత్తముగా కత్తిరించిన అట్టను చుట్టినచో, అడుగు వ్యాసమును ఏటవాలు పొడవును సమానమగును. ప్రక్కనుండి చూచినచో సమబాహు త్రిభుజము కనబడును. ఇది పొట్టి చెట్టు. పావువృత్తమును చుట్టినచో అడుగు వ్యాసము ఏటవాలులో సగమే. ఇది సొగసైన పొడుగు చెట్టు. ఇంత రేఖాగణితము తెలియకనే వేరుసెనగలమ్మువాడు నిత్యము పొట్లము చుట్టుచున్నాడు.

మరియొక చెట్టు లాడ్‌బజారుది. అచటి లక్కగాజుల పనితనమునకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించినది. గాజుల దుకాణములో ‘రెండు-నాలుగు’, ‘రెండు-ఆరు’ అను కొలతలు వినబడును. రెండు-నాలుగు అనగా లోపలి వ్యాసము రెండంగుళములమీద పదునారింట నాలుగు వంతులు, అనగా 2¼ అంగుళములు. ఒక్కొక్క కొలతకు అంగుళములో ఎనిమిదవ వంతు తేడా. ఇంటిలోని పాతగాజులను, అవ్వవి అడుగున, పసిదానివి పైన, కొలతల వరుసను ఒకదానిపై ఒకటి పేర్చినచో మెరయు సన్నని గోపురము లేచును. కుటుంబమంతయు ఆ చెట్టులో ఉన్నట్లే. విరిగిన గాజు ముక్కలను మాత్రము పిల్లల చేతికి ఇయ్యరాదు.

శిఖరమున నక్షత్రము కావలెను గదా. క్రైస్తవ లోకమున ప్రఖ్యాతమైన మొరేవియన్ నక్షత్రము పందొమ్మిదవ శతాబ్ది ప్రథమార్ధమున జర్మనీలోని నీస్కీ గ్రామపు బడిలో, రేఖాగణిత పాఠముగా పుట్టినది. పదునెనిమిది చతురస్రములు, ఎనిమిది త్రిభుజములు గల ఘనరూపము దానికి మూలము. వ్రేలాడదీయుటకు ఒక చతురస్రమును విడిచి, తక్కిన ఇరువదియైదు ముఖములపై కాగితపు శంకువులు నిలుపుదురు. ఒక ఉపాధ్యాయుని పాఠము నేడు ఎన్నో దేశముల గుమ్మములకు వ్రేలాడుచున్నది.

ఇప్పుడు అంగళ్ళలో అమ్ముచున్న ప్లాస్టిక్ చెట్లను గూర్చి ఒక మాట. వీని పూర్వులలో ఒకటి 1930లలో బ్రష్షులు చేయు యంత్రములపై, బ్రష్షు కుచ్చులతోనే తయారైనదని తెలిసినచో వానిపై భయభక్తులు కొంత తగ్గును. నేటి పండుగ అలంకారములలో పెద్దపాలు చైనాలోని యీవూ నగరమునుండి ఓడలెక్కి వచ్చుచున్నది. కొన్న చెట్టును ఏటేట వాడుకొనువారిని తప్పుపట్టనక్కరలేదు. కాని అది అసలు చెట్టు, ఇంటిలో కట్టినది నకలు అనుట మాత్రము తలక్రిందుల మాట. ఫర్ చెట్టును చూచి చేసిన నకలు ప్లాస్టికుది. వెదురు చెట్టు దేనికిని నకలు కాదు. అది తనకు తానే వెదురు చెట్టు.

కాగితము, వెదురు ఉన్నచోట క్రొవ్వొత్తి తగదు. వెనుకటి ఐరోపాలో చెట్టు ప్రక్కన నీళ్ళ బానను ఉంచుకొని దీపములు వెలిగించెడివారు. వేడెక్కని చిన్న విద్యుద్దీపముల తీగ చాలును.

ఇట్టి చెట్టునకు దాచుటకు అటక అక్కరలేదు. క్రిస్మస్ పర్వదినములు జనవరి 6తో ముగియును. గాజులు చేతులకు, ప్రమిదలు గూటికి, జరీ ముక్కలు కుట్టుపెట్టెకు తిరిగి చేరును. రాగి మొలకలు ఆవుకు మేత. సంక్రాంతికి ఇంక వారమే ఉన్నది గనుక, వెదురు బద్దలు, రంగు కాగితములు మాత్రము ఎవరును చెప్పకయే పిల్లల చేతులలో మేడపైకి ఎక్కును; చార్మినారు పైని ఆకాశమున ఎగురును.