బస్సు మన ఊరికి ఎందుకు తక్కువ? మందులు మానకుండా ఉండేదెలా?



మందులు అయిపోయి పది రోజులైందనీ, బస్సు కుదరక రాలేకపోయామనీ చెప్పే రోగులు తరచుగా కనబడుతుంటారు. ఆ పది రోజులు చిన్న విషయం కాదు. బి.పి. మాత్రలు మానితే పక్షవాతం రావచ్చు. క్షయ మందులు మధ్యలో ఆపితే జబ్బు మందులకు లొంగకుండా మొండికెత్తవచ్చు. కాబట్టి బస్సు కూడా ఆరోగ్య విషయమే.

హైదరాబాదు పెద్ద రోడ్ల మీద ఒక బస్సు పోతే వెనకాలే ఇంకొకటి వస్తుంది. 2017 నుండి మెట్రో రైలు కూడా నడుస్తోంది. మన పల్లెలకు మాత్రం రోజుకు కొన్ని ట్రిప్పులే. దీనికి ముఖ్య కారణం జనసాంద్రత, అంటే ఒక చదరపు కిలోమీటరులో ఎంతమంది ఉంటున్నారన్నది.

2011 జనాభా లెక్కల ప్రకారం హైదరాబాదు జిల్లాలో చదరపు కిలోమీటరుకు 18,000 మందికి పైగా ఉన్నారు. అవే లెక్కలతో చూస్తే, 2022లో ఏర్పడిన మన పల్నాడు జిల్లాలో సుమారు 280 మందే. బస్టాపుకు అరకిలోమీటరు నడిచి వచ్చేవారిని లెక్కవేస్తే అక్కడ 14,000 మంది, ఇక్కడ సగటున 220 మంది. వందకు ఒక్కరు బస్సెక్కినా అక్కడ 140 మంది, ఇక్కడ ఇద్దరు! నిండే చోటికే బస్సులు ఎక్కువగా తిరుగుతాయి.

మన జిల్లాలోనూ ఇదే తేడా. నరసరావుపేట నుండి గుంటూరుకు బస్సు త్వరగానే దొరుకుతుంది. వెల్దుర్తి, బొల్లాపల్లి మండలాల్లో అడవి అంచు ఊళ్లకు అలా కాదు. పట్నంలో బస్సు తప్పితే పది నిమిషాలు పోతాయి, అక్కడ తప్పితే ఆ రోజే పోతుంది. 2025 ఆగస్టు 15 నుండి స్త్రీ శక్తి పథకం కింద మన రాష్ట్ర స్త్రీలు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచితంగా ప్రయాణిస్తున్నారు. ఇది గొప్ప మేలే. కానీ ఛార్జీ లేకపోయినా బస్సంటూ రావాలి కదా!

మరి మనమేం చేయగలం?

1. ఒక ఊరి రోగులు మాట్లాడుకుని ఒకే రోజు రండి. బస్సు లేకపోతే ఆటో ఖర్చు పంచుకోవచ్చు.

2. ఓ.పి. చీటీ రాయించుకునేటప్పుడే మీ ఆఖరి బస్సు టైము చెప్పండి.

3. వారం రోజుల మందులు మిగిలి ఉండగానే బయలుదేరండి.

4. ట్రిప్పు కావాలంటే ఏ రోజు, ఏ వేళకు ఎంతమంది ఎక్కుతారో లెక్క రాసి, సంఘమంతా సంతకాలు చేసి డిపో మేనేజరుకు అర్జీ ఇవ్వండి.

5. గుండెనొప్పి, పక్షవాతం, పాముకాటు, పురిటి నొప్పులు వస్తే బస్సు కోసం ఆగవద్దు. వెంటనే 108కి ఫోను చేయండి.

కపెర్నహూములో పక్షవాయువు గలవానిని నలుగురు మోసుకొచ్చిన సంగతి మనకు తెలుసు. ఈ ఆదివారం ఆరాధన ముగిశాక, మీ వీధిలో ఒంటరిగా ఉండే పెద్దవారిని ఒక్క మాట అడగండి: "మందులు ఇంకా ఎన్ని రోజులకు ఉన్నాయమ్మా?"